కొండ కింద ఖాకీ గుడారం

బొబ్బిలిలో సొంత గుడారం ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. కొన్నది కాదు, కుట్టుకున్నది. పదిహేనేళ్ళుగా బజారు వీధిలో మిషను తొక్కుతున్నాను. బడిలో చదివింది అయిదో తరగతి దాకానే. మిగతా చదువంతా గ్రంథాలయంలో చదివాను. సాయంత్రం కొట్టు కట్టేసి, అక్కడ దీపాలు ఆర్పేదాకా కూర్చుంటాను. జాతకాల పుస్తకాలు తప్ప ఆ బీరువాల్లో నేను ముట్టనిది లేదు.

కిందటి వానాకాలంలో ఒక భూగోళ గ్రంథం చేతికి వచ్చింది. కొన్ని దేశాల్లో కొండల్నీ, అడవుల్నీ, అందులో జంతువుల్నీ ప్రభుత్వమే వనాలుగా కాపాడుతుందట. సెలవులు రాగానే జనం పిల్లాపాపలతో వెళ్ళి, ఆ కొండల పక్కన గుడారాలు వేసుకుని నాలుగు రోజులు గడుపుతారట. అందులో ఒక బొమ్మ ఉంది. తల్లి పెనం మీద ఏదో వేయిస్తోంది. ఇద్దరు పిల్లలు గుడారం గుమ్మంలో బోర్లా పడుకుని చూస్తున్నారు. వెనకాల మంచుకొండ. ఆ బొమ్మ నన్ను వదల్లేదు. మా వీధి చివర నిలబడి పడమరకు చూస్తే సాలూరు కొండలు నీలంగా కనిపిస్తాయి. పుట్టి బుద్ధెరిగాక వాటి కిందికి ఒక్కసారైనా పోలేదు.

నా భార్య అప్పలనరసమ్మ నాకు మేనకోడలు. పెళ్ళయి తొమ్మిదేళ్ళయినా మావా అనే పిలుస్తుంది. సంగతి చెప్పగానే కొప్పు ముడివేసుకుంటూ అడిగింది.

"ఇల్లుండగా అడివిలో తొంగోడమేటి మావా? మనల్ని ఊరోళ్ళు ఎలేసినారా?"

వీధిలో వాళ్ళు మరో రకంగా భయపెట్టారు. కొండగాలి సోకితే జ్వరం పట్టుకుంటుందన్నారు. జ్వరం గాలివల్ల రాదు, దోమవల్ల వస్తుందని ఒక్కొక్కరికీ వివరించి, గుడారం గుమ్మానికి దోమతెర కుట్టాను. గుడారం మట్టిలో కలిసిపోయే రంగులో ఉండాలని పుస్తకంలో ఉంది. ఆ రంగు డ్రిల్లు గుడ్డ నా దగ్గర ఎప్పుడూ ఉంటుంది. ఊళ్ళో యూనిఫారాలు కుట్టేది నేనే. పద్నాలుగు గజాల ఖాకీ గుడ్డతో గుడారం తయారైంది. మిగిలిన ముక్కతో నాకొక నిక్కరు, ఏడేళ్ళ మా రాముకొకటి కుట్టాను. నాలుగేళ్ళ పైడి తనకేదని ఏడిస్తే, దాని గౌనుకి రెండు జేబులు వేశాను.

మాఘమాసంలో ఆ నిక్కర్లు తొడుక్కుని బయలుదేరాం.

సాలూరు బస్సు

బొబ్బిలి నుంచి సాలూరుకు రైలు నెమ్మదిగా నడుస్తుంది. పొలాల్లో మనుషుల ముఖాలు గుర్తుపట్టవచ్చు. సాలూరులో దిగేసరికి కొండలు నీలం రంగు వదిలేసి, నల్లగా, చెట్లతో సహా మీదికి వచ్చేశాయి.  పిల్లలు ఆకలన్నారు.

బస్సు నిలిచే చోట ఒక పాకలో ఇడ్డెన్లు తిన్నాం. జత పదిహేను పైసలు. మా బొబ్బిలి ఇడ్డెనుకంటే పెద్దవి, అల్లం పచ్చడి మాత్రం మంట. తరువాత తాగిన టీకి డబ్బులివ్వబోతే పాకవాడు చేతులు వెనక్కు పెట్టుకున్నాడు.

"తమ దగ్గిరేటి బాబూ! కొండమీదకేనా?"

మా ఊళ్ళో నాకెవరూ చెంబుడు నీళ్ళు ఊరికే ఇవ్వరు. సాలూరు మర్యాద గొప్పదనుకుని లోపలే మెచ్చుకున్నాను. రోడ్డు పక్కన కొండవాళ్ళు చింతపండు, కొండచీపుర్లు, అడ్డాకులు పరుచుకుని కూర్చున్నారు. అక్కడ వర్తకులు చింతపండు బుట్టకు ఉప్పు కొలిచి ఇచ్చి తీసుకుపోతున్నారు. చింతపండు ఎలా ఇస్తావని ఒకామెను అడిగాను. ఆమె నా వైపు చూడకుండా బుట్ట ఎత్తుకుని లేచిపోయింది. మా బజారులో కొనేవాడు లేచిపోతాడు గాని అమ్మేవాళ్ళు లేచిపోవడం నేనెరగను.

బస్సులో కాలు పెట్టే చోటు లేదు. నేను ఎక్కగానే ముందు సీట్లో ఉన్న ఒక ముసలాయన, ఒళ్ళో కోళ్ళగంపతో సహా లేచి నిలబడ్డాడు. ఎవరూ లెమ్మనలేదు. కండక్టరు సీటు తుడిచి, "కూకోండి సార్" అన్నాడు. నేను కూర్చున్నాను.

"అయ్యగారికి సీటు దొరికినాది. అమ్మగారికో?" అంది అప్పలనరసమ్మ, పైడిని చంకనేసుకుని. నేను కిటికీలోంచి కొండల వైపు చూశాను. ఆ ముసలాయన ఎనిమిది మైళ్ళు నిలబడే వచ్చాడు.

వాగు ఒడ్డు

పాచిపెంట దాటాక దిగి, రూపాయిన్నరకు బండి మాట్లాడుకున్నాం. ఎక్కడ ఆగామో, ఏ ఊరి కిందనో రాయను. ఎందుకో చదివేవారికి కాసేపట్లో తెలుస్తుంది.

బండివాడు దారంతా నా నిక్కరు వైపే చూస్తున్నాడు. చివరికి అడిగాడు.

"తమరు డూటీ మీదొచ్చినారా బాబూ? పిల్లల్తోటా?"

బట్టలు కుట్టుకునేవాణ్ణి, ఊరికే పడుకోవడానికి వచ్చానంటే నవ్వుతాడనిపించింది.

"అలాంటిదే" అన్నాను.

ఆ ఒక్క మాట గురించి తరువాత చాలా ఆలోచించాను.

వాగు ఒడ్డున సామాను దింపి, వాడు తొందరపడ్డాడు. వచ్చిన దారిన పోతాడనుకుంటే, రెండు ఫర్లాంగుల పైన ఉన్న ఇరవై ఇళ్ళ ఊరి వైపు బండి తిప్పాడు.

గుడారం వేయడానికి గంట పట్టింది. పుస్తకంలో బొమ్మలు చూసి నేర్చుకున్న ముళ్ళు వేశాను. అవి లాగినకొద్దీ బిగుస్తాయి. వాగు నీళ్ళు అద్దంలా ఉన్నాయి. అప్పలనరసమ్మ మూడు రాళ్ళు పెట్టి అన్నం వండి, ఎండు మెత్తళ్ళు వేయించింది. పిల్లలు గుమ్మంలో బోర్లా పడుకుని చూశారు. అచ్చం బొమ్మలోలాగే.

సాయంత్రం పై ఊళ్ళో ఎవరో డప్పు వాయించారు. నాలుగు దెబ్బలు వేసి ఆపేశారు. ఆ తరువాత మేమున్న మూడు రోజుల్లో మళ్ళీ వినిపించలేదు. పొద్దు కొండ వెనక్కు దిగిపోగానే చలి కమ్ముకుంది. పొదలో ఏదో గురగురమంది.

"అదేటి మావా?"

"అడవిపంది కావచ్చు. మనిషి వాసన తగిలితే రాదు."

"దానికి నువ్వు సదివిన పుస్తకం సదివించినావా?"

పిల్లలు నిద్రపోయారు. మేమిద్దరం పోలేదు.

అడుగులు

తెల్లారి బయటికి వస్తే గుడారం చుట్టూ తడి మట్టిలో అడుగులు. జంతువువి కావు, మనుషులవి. చెప్పుల్లేని పాదాలు, పెద్దవి, మధ్యరకానివి. గుడారం చుట్టూ పూర్తిగా తిరిగి, గుమ్మం దగ్గర కాసేపు నిలబడి, ఊరి వైపు పోయాయి. మా ఇత్తడి చెంబు బయటే ఉంది. బియ్యం మూట కూడా.

"దొంగలైతే సెంబు ఒగ్గేస్తారేటి?" అంది అప్పలనరసమ్మ. ఆమె గొంతులో వేళాకోళం లేదు. "మావా, ఆలకి మన సెంబు అక్కరలేదు. మనమెవరిమో సూసిపోయినారు. ఎల్లిపోదాం."

కొండజాతుల వాళ్ళు సిగ్గరులనీ, కొత్తవారిని దూరం నుంచి చూస్తారనీ చదివినట్టు చెప్పాను. నిజంగానే చదివాను. 

ఆ పూట ఇద్దరు ఆడవాళ్ళు కుండలతో వాగు వైపు దిగుతూ గుడారాన్ని చూశారు. ఖాళీ కుండలతోనే వెనక్కు తిరిగారు. నడవలేదు, పరిగెత్తారు. మధ్యాహ్నం పాలు కొందామని ఊరి వైపు కొంత దూరం వెళ్ళాను. పైన కొండవాలులో జనం మూటలతో, మేకలతో, వరసగా ఎక్కిపోతున్నారు. సంతకు పోతున్నారనుకుని వెనక్కు వచ్చాను. కొండమీద సంత ఏమిటని ఆ నిమిషంలో నాకు తోచలేదు.

పిల్లల్ని దూరం పోవద్దనీ, పక్కనే ఉన్న కూరగాయల దొడ్డి కంచె దగ్గరే ఆడుకోమనీ చెప్పాను. అది క్షేమమైన చోటని నేనే చూపించాను.

పొయ్యి మీద కుండ

మూడో రోజు పొద్దున్నే పైడి వాంతి చేసుకుంది. తరువాత విరేచనం. మళ్ళీ వాంతి. ఎండ గుడారం మీదికి వచ్చేసరికి ఎన్నిసార్లో మరిచిపోయాం. పిల్ల కళ్ళు లోపలికి పోయాయి. పెదవులు తెల్లబడ్డాయి.

వైద్యం పుస్తకాలు కూడా చదివాను నేను. వాంతులూ విరేచనాలూ కలిసి వస్తే ఏమిటో నాకు తెలుసు. కలరా అన్న మాట నా నోట్లోంచి వచ్చేసింది. అప్పలనరసమ్మ నా చొక్కా పట్టుకుంది.

"పుస్తకం కాదు, మనిషిని తే! బేగి ఎల్లు!"

ఊరి దాకా పరిగెత్తాను. మొదటి ఇంటి ముందు కేకేశాను. ఎవరూ పలకలేదు. రెండో ఇంట్లో పొయ్యి మీద కుండ ఉడుకుతోంది. మూత మీద గరిటె ఉంది. పక్కన సగం నేసిన తట్ట. కోళ్ళు గింజలు ఏరుకుంటున్నాయి. మనిషి లేడు. ఇరవై ఇళ్ళూ అంతే. తలుపులన్నీ తెరిచే ఉన్నాయి.  పిల్ల చచ్చిపోతూంటే, ప్రపంచంలో మనుషులంతా లేచిపోయినట్టు అనిపించింది.

చివరి ఇంటి వెనక, గోడకు ఆనుకుని ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. నన్ను చూసి కదల్లేదు.

"కాల్లు లేవు, నానెక్కడికీ పారిపోలేను. తీసుకెల్తావా? మోసుకెల్లాల."

"అమ్మా, నా గుంట వాంతులు సేసుకుంటన్నాది..."

"గార్డుకి గుంటలుంటారేటి?"

ఆ మాటతో నా కళ్ళు తెరుచుకున్నాయి. ఖాకీ చూసి నన్ను అడవి గార్డనుకున్నారు. టీ పాక, బస్సు సీటు, పాదాల అడుగులు, కొండెక్కే మూటలు అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి.

"నాను గార్డుని కాదమ్మా. బొబ్బిల్లో బట్టలు కుడతాను. దర్జీని."

"బండోడితో ఏటన్నావు?"

 ముసలమ్మ నా నిక్కరు వైపు చూసి, వాగు వైపు చెయ్యి చూపించింది.

"పోడు కొలిసి కేసులెట్టడానికొచ్చినారని ఊరూరంతా కొండెక్కినాది. వండుకోడానికి దిగినోళ్ళు కూడా నీ కేక ఇని మల్లీ ఎక్కేసినారు. పంటున్న పోడు అది. ఆలు పైనుంచి సూస్తనే ఉన్నారు. ఆ గుడారం నిలబడున్నంతసేపూ ఇంక ఒక్కడు దిగడు. నాను కూసినా దిగరు. ఎల్లి కూల్సేయ్. ఆ నిక్కరిప్పి పంచి కట్టు."

"లోపల పిల్ల తొంగున్నాది."

"బయట పెట్టు. ఎండ సంపదు."

ముళ్ళు

నేను వచ్చేసరికి పైడి ఏడవడం మానేసింది. అది నన్ను ఎక్కువ భయపెట్టింది. పిల్లను చెట్టునీడలో తల్లి ఒళ్ళో పెట్టి, తాళ్ళ మీద పడ్డాను. లాగినకొద్దీ బిగిసే ముళ్ళు. రెండు రోజుల మంచుకు తడిసి రాళ్ళయ్యాయి. గోళ్ళు విరిగాయి. రాము ఏడుస్తూ సంచీలోంచి నా పెద్ద కత్తెర తెచ్చి ఇచ్చాడు. గుడ్డ తప్ప మరేదీ దానితో కత్తిరించనని నాకు నియమం. ఆ కత్తెరతోనే తాళ్ళన్నీ తెగ్గొట్టాను. గుడారం ఒక పక్కకు ఒరిగి, గాలి వదిలి, నేలమీద పరుచుకుంది. నిక్కరు విప్పి దాని మీద పడేశాను. పంచె కట్టుకుని, కొండ వైపు తిరిగి రెండు చేతులూ ఎత్తి నిలబడ్డాను.

ఏమీ కదల్లేదు. చెట్లు చెట్లలాగే ఉన్నాయి. నేను వెయ్యి దాకా లెక్కపెట్టగలవాణ్ణి, నలభై దాటలేకపోయాను. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాను.

అప్పుడు చెట్లు మనుషులయ్యాయి. ఒక ఆడమనిషి, ఆమె వెనక ఇంకొకామె, తరువాత గొడ్డలి పట్టుకున్న ఒకాయన. నేను పాలు కొనడానికి నడిచిన దారికి పక్కనే, ఇంత దగ్గరలో, ఇంతమంది ఉన్నారు. చంటిపిల్లలు కూడా ఉన్నారు. ఒక్కరూ చప్పుడు చేయలేదు.

గొడ్డలాయన ఊళ్ళోకి వెళ్ళి ముసలమ్మను వీపున మోసుకొచ్చాడు. ఆమె పైడి పొట్ట నొక్కింది. నోరు వాసన చూసింది. తరువాత గౌను జేబులో చెయ్యి పెట్టి నాలుగు నల్ల గింజలు తీసింది.

"నేపాళం గింజలు! బేదులు పట్టే గింజలు. కంచెలో ఏరినాది. ఎన్ని తిన్నావే?"

పైడి ఒక చేతి వేళ్ళన్నీ చూపించింది.

"ఆడగుంట గౌనుకి జేబెవుడు కుట్టినాడు?"

"నేనే" అన్నాను.

"నీ కుట్టుపనంతా ఇలగే ఉంటాదేటి?"

కలరా కాదు. ప్రాణం లేచొచ్చినట్టయింది గాని, ముసలమ్మ ముఖం తేటపడలేదు. గెంజిలో ఉప్పు కలిపి, ఆకుదొన్నెతో చుక్కచుక్కగా పట్టించమంది. కక్కినా పట్టించమంది.

"పొద్దోయేలోగా ఒంటికి పోస్తే పిల్ల నీది."

"పోయకపోతే?"

ఆమె గెంజిలో ఇంకో చిటికెడు ఉప్పు వేసి కలిపింది.

ఆ రోజంతా మా నలుగురి బతుకు దాని మీదే నిలబడింది. ఒక దొన్నె తాగుతుంది, సగం కక్కుతుంది. మళ్ళీ దొన్నె. నీడ చెట్టుకిందనుంచి వాగు దాకా పోయింది. ఊరు ఊరంతా చుట్టూ కూర్చుంది. గొడ్డలి ఇంకా ఆయన ఒళ్ళోనే ఉంది. ఎవరూ మాతో మాట్లాడలేదు. మమ్మల్ని పొమ్మనలేదు కూడా. అప్పలనరసమ్మ నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. నేను చదివిన పుస్తకాలన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాను. ఒక్కదానిలోనూ ఉప్పుగెంజి లేదు.

పొద్దు కొండ అంచు తాకుతూండగా పైడి కళ్ళు తెరిచింది. చుట్టూ అంతమందిని చూసి సిగ్గుపడి, తల్లి చెవిలో చెప్పబోయింది గాని, అందరికీ వినిపించింది.

"అమ్మా, ఉచ్చొస్తన్నాది."

ఊరంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. గొడ్డలాయన కూడా నవ్వి, గొడ్డలి నేలమీద పెట్టాడు. అప్పలనరసమ్మ ఒక్కతే బిగ్గరగా ఏడ్చింది.

అంబలి

ఆ రాత్రి ముసలమ్మ ఇంట్లో పడుకున్నాం. రాగిపిండితో చేసిన చోడి అంబలి, కాల్చిన దుంప, ఉడకబెట్టిన కందికాయలు పెట్టారు. మేము అంబలిలో మజ్జిగ పోసుకుంటాం. వాళ్ళు చింతపండు పిసికి పోసుకుంటారు. డబ్బు ఇవ్వబోతే ముసలమ్మ గింజలు దొరికిన ఆ జేబు చూపించి, "అందులో ఎట్టుకో" అంది. గుడారం గుడ్డ వాళ్ళకే ఇచ్చేద్దామనుకున్నాను. మంచి డ్రిల్లు, పదేళ్ళు మన్నుతుంది. ఎవరూ చేత్తో కూడా ముట్టలేదు.

గొడ్డలాయన చుట్ట వెలిగించి అడిగాడు.

"ఆ గార్డులందరి బట్టలూ నువ్వే కుడతావా?"

"కుడతాను."

 "జేబులు పెద్దవి కుట్టకు" అన్నాడు.

మర్నాడు పొద్దున్న, బండి కోసం ఎదురుచూస్తూంటే, ఊళ్ళో పిల్లలు మా వాళ్ళకొక ఆట నేర్పించారు. ఒకడు వాకిట్లో నిలబడి కూత పెడతాడు. మిగతావాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ మాయమైపోయి, నోటిమీద అరచెయ్యి వేసుకుని కూర్చుంటారు. మా ఊరి దాగుడుమూతల్లాగా వెతికేవాడు ఉండడు. ఎవరు ఎక్కువసేపు చప్పుడు చేయకుండా ఉంటే వాళ్ళది గెలుపు. రాము ప్రతిసారీ నవ్వి ఓడిపోయాడు. పైడి, ఇంకా నీరసంగా ఉన్నా, మూడోసారికి గెలిచింది. ముసలమ్మ దాని తల నిమిరి, "నేర్సుకున్నాది" అంది. ఆ మాటలో మెప్పు ఉంది. ఇంకేదో కూడా ఉంది.

వచ్చేటప్పుడు గుడారాన్ని అప్పలనరసమ్మ పాత చీరలో చుట్టి తెచ్చాం. బస్సులో ఎవరూ లేచి నిలబడలేదు. నేను నిలబడే వచ్చాను.

ఆ కొండల కింద నిద్ర చేయాలని ఎవరికైనా ఉంటే, తప్పకుండా వెళ్ళండి. అలాంటి నీళ్ళు మనకు లేవు. గుడారం మాత్రం తెల్లగుడ్డతో కుట్టించుకోండి. మాసిపోతుంది. మాయనివ్వండి.

మళ్ళీ మిషను దగ్గర

వచ్చిన పదిహేను రోజులకు మా పాత ఖాతాదారు ఒకాయన కొత్త జతకు కొలతలివ్వడానికి కొట్టుకు వచ్చాడు. అడవి గార్డు. మంచివాడు. వచ్చినప్పుడల్లా పైడికి పిప్పరమెంటు తెస్తాడు. ఆ రోజు యూనిఫారంలోనే వచ్చాడు. పైడి అప్పటిదాకా గుమ్మంలో కూర్చుని గుడ్డముక్కలు ఏరుకుంటోంది. నేను టేపు తీసి తలెత్తేసరికి లేదు.

"పాపేదీ?" అన్నాడాయన.

నా కాలికి మెత్తగా ఏదో తగిలింది. వంగి చూడకుండానే తెలిసింది. మిషను కింద, చక్రానికి ఆనుకుని, మోకాళ్ళు ముడుచుకుని ఉంది. నేను పెడలు మీది నుంచి కాలు తీసేశాను.

"లోపల తొంగున్నాది" అన్నాను.

కొలతలు తీసుకున్నాను. "జేబులు ఈసారి కొంచెం పెద్దవి పెట్టు" అన్నాడు. పుస్తకంలో రాసుకున్నాను. కిందటిసారి కంటే అర అంగుళం తగ్గించి రాశాను. ఆయన పిప్పరమెంటు బల్లమీద పెట్టి వెళ్ళిపోయాడు. వీధి మలుపు తిరిగాడు. పైడి రాలేదు. వంగి చూశాను. అరచెయ్యి ఇంకా నోటిమీదే ఉంది. కళ్ళు ఆర్పడం లేదు.

"ఎల్లిపోయినాడమ్మా. రా."

చెయ్యి మెల్లగా తీసి, నా పంచె అంచు పట్టుకుని, గుసగుసగా అడిగింది.

"నువ్వెందుకు దాక్కోలేదు నాన్నా?"